అండర్-15 మ్యాచ్‌ల రెడ్ కార్డ్ ఇచ్చిన, రిపోర్ట్‌ల రాయొద్దు అంటున్రు.. ఏం చెయ్యాలె?

నల్లగొండ_విజిల్

అందరికి నమస్తే. జర లంబా పోస్ట్, ఓపిక చేసుకొని చదవుండ్రి. నేను ఫుట్‌బాల్ రెఫరీగ కొత్త, ఇది రెండో సీజన్. అంతకుముందు డిగ్రీ దాక ఆడిన, మోకాలు పోయినంక విజిల్ పట్టిన. మాది నల్లగొండనే.

నిన్న మా దిక్కు ఒక అండర్-15 టోర్నమెంట్‌ల క్వార్టర్ ఫైనల్ చేసిన, 30 నిమిషాలు 30 నిమిషాల మ్యాచ్. టీంల పేర్లు వద్దు, ఒకటి బ్లూ ఒకటి పసుప్పచ్చ అనుకోండ్రి. సెకండ్ హాఫ్‌ల 1-1 మీద నడుస్తుంది, బాల్ పక్క గీత దాటి త్రో-ఇన్‌కు (చేతులతోని మల్ల లోపలికి ఇసిరేదానికి) పోయింది, బాల్ పోయి కాలువ దిక్కు తుమ్మచెట్లల్ల పడ్డది, అందరు అటే చూస్తున్రు, నేను మాత్రం ఎందుకో ఇటు తిరిగిన, తిరిగేసరికి బ్లూ టీం 14 నంబర్ పిలగాడు పసుప్పచ్చ టీం డిఫెండర్‌ను ముక్కు మీద గుద్దిండు. తోసుడు కాదు అన్నా, పిడికిలి మూసి గుద్దుడే. నాకు 10 గజాల దూరం, మధ్యల ఎవ్వలు లేరు. ఆ డిఫెండర్ కిందనే కూసున్నడు, రక్తం కారి తెల్ల సాక్సుల మీద పడ్డది. నేను రెడ్ తీసిన. కొట్టిన పిలగాడు ఒక్క మాట అనలే, జెర్సీ మొఖం మీదికి గుంజుకొని ఏడ్చుకుంట పోయిండు.

10 మందితోని ఆడి గూడ బ్లూ టీం 2-1 గెలిచింది. అంటే వచ్చే ఆదివారం వాళ్లకు సెమీఫైనల్ ఉంది. అసలు కిరికిరి ఆడ మొదలైంది.

ఫైనల్ విజిల్ ఊదినంక నేను ఇంక గ్రౌండ్ లోపల్నే ఉన్న, బ్లూ టీం మేనేజర్ అని చెప్పుకునేటాయన ఒకాయన లోపలికి వచ్చి మా లైన్స్‌మన్ పిలగాన్ని (వాడికి 19 ఏండ్లు) అమ్మ మీద తిట్టిండు. నేను చెయ్యి పట్టి బయటికి తోలిన కానీ కార్డ్ గిట్ల ఏం తియ్యలే, మ్యాచ్ అయిపోయింది గద అనుకున్న.

ఇగ బ్లూ టీం కోచ్ ఎవరంటే, నేను స్కూల్ల చదివినప్పుడు మా పీఈటీ సార్. నాకు ఏడో తరగతిల మొదటి బూట్లు ఇచ్చిందే ఆయన, పెద్దోళ్లు వాడి ఇడిసిన బూట్లు, ముంగట న్యూస్‌పేపర్ కుక్కి ఏసుకున్న. ఆ సార్ బండి కాడ నన్ను ఆపి చెయ్యి పట్టుకొని "బిడ్డా, కార్డ్ చూపెట్టినవ్, వాడు బయటికి పోయిండు, శిక్ష ఆడనే అయిపాయె. ఇగ కాయితం మీద ఎందుకు? జిల్లా సెలెక్షన్లు ఉన్నయి, వాని బతుకు ఖరాబ్ చెయ్యకు" అన్నడు. నేను ఏం మాట్లాడలేక నిలవడ్డ. రాత్రి టోర్నమెంట్ నడిపించేటాయన గూడ ఫోన్ చేసి "స్కోర్ రాసి సంతకం పెట్టు సాలు తమ్మి, కార్డుల డబ్బా ఖాళీగ ఇడిసిపెట్టు, లేకుంటే ఎల్లో అని రాయి" అంటున్నడు.

రిపోర్ట్ రేపు సాయంత్రం లోపల ఇయ్యాలె. ఒక్క పేజీ ఫారం, కింద కార్డులకు నాలుగు లైన్లు ఉన్నయి, గా నాలుగు లైన్లు చూస్కుంట నిన్నటి సంది కూసున్న. రాసుడు కంపల్సరీయేనా, రెడ్‌ను ఎల్లో చెయ్యొచ్చా, మ్యాచ్ అయినంక జరిగిన తిట్ల సంగతి గూడ రాయాలెనా, తెలిసినోళ్లు చెప్పుండ్రి.

---

లెఫ్ట్‌బ్యాక్_జడ్చర్ల

రాయి అన్నా. చూపెట్టిన కార్డ్ 22 మంది చూసిన్రు, బయట పల్లీలు అమ్మేటాయన గూడ చూసిండు, నీ కాయితంల మాత్రం లేదంటే రేపు నువ్వే అబద్ధాలోనివి అయితవ్.

---

పాత_లైన్స్‌మన్ (మహబూబ్‌నగర్)

తమ్మీ, ముందుగాల ఒక మాట అడుగుత, మల్ల ఆట త్రో-ఇన్‌తోనే మొదలువెట్టినవ్ గదా? బాల్ బయట ఉన్నప్పుడు కొట్టిండు కాబట్టి ఫ్రీ కిక్ ఉండది. చానామంది కొత్తోళ్లు ఆడ తప్పు చేసి తర్వాత రిపోర్ట్‌ల దొరికిపోతరు, అందుకే అడుగుతున్న.

ఇగ నీ ప్రశ్నలకు వస్త. ఆట రూల్స్ బుక్‌ల 5వ రూల్ మొత్తం రెఫరీ గురించే ఉంటది. రెఫరీ పనుల్ల ఒకటి, సంబంధించినోళ్లకు మ్యాచ్ రిపోర్ట్ ఇచ్చుడు, అండ్ల ఇచ్చిన కార్డులు, మ్యాచ్‌కు ముందు గానీ ఆడంగ గానీ అయినంక గానీ జరిగిన వేరే సంఘటనలు ఉండాలె. నీకు ఇష్టముంటే రాయి లేకుంటే లేదు అన్నట్టు లేదు ఆడ. పిల్లల మ్యాచ్‌లకు కొన్ని మార్పులు చేసుకోవచ్చు అని అదే బుక్ చెప్తది, గ్రౌండ్ సైజు, బాల్ సైజు, ఎన్ని నిమిషాలు ఆడాలె, సబ్‌స్టిట్యూషన్ల బయటికి పోయినోడు మల్ల లోపలికి రావచ్చా, ఎల్లో పడ్డోన్ని కొద్దిసేపు బయట కూసోపెట్టుడు, గిసొంటియి. రిపోర్ట్ ఎత్తేసుడు ఆ లిస్ట్‌ల లేదు.

రెడ్‌ను ఎల్లో చేసుడు అయితే అసలే కాదు. కార్డ్ చూపెట్టి ఆట మల్ల మొదలైనంక నీ నిర్ణయం నువ్వే మార్చలేవు, ఇంట్ల కూసోని పెన్నుతోని ఎట్ల మారుస్తవ్. ఇంకోటి, నీ రెడ్ కరెక్టే. బాల్ కోసం కొట్లాడుత లేనప్పుడు కావాలని మొఖం మీద చెయ్యితోని కొడితే అది వయొలెంట్ కాండక్ట్, దెబ్బ ఉత్తగ తాకీ తాకనట్టు ఉంటే తప్ప. రక్తం వచ్చింది అంటున్నవ్, ఇగ అండ్ల మాట్లాడేదేం లేదు.

మ్యాచ్ అయినంక తిట్టిన సంగతి. మ్యాచ్ అయిపోయింది గద అని నువ్వు అనుకున్నది తప్పు. మ్యాచ్‌కు ముందు గ్రౌండ్ చూడనీకి లోపల కాలు పెట్టినకాడికెల్లి మ్యాచ్ అయిపోయి గీత దాటి బయటికి వచ్చేదాక నీకు పవర్ ఉంటది. నువ్వు ఇంక లోపల్నే ఉన్నవ్ కాబట్టి ఆయనకు రెడ్ చూపెట్టొచ్చు. కోచ్‌లకు మేనేజర్లకు గూడ కార్డులు చూపెట్టొచ్చు అని 2019ల రూల్ పెట్టిన్రు, మా జమానల నోటితోనే చెప్పేది. చూపెట్టలేదు, అయిపాయె, ఇప్పుడు చూపెట్టిన అని రాయకు. జరిగింది జరిగినట్టు రాయి. కార్డ్ లేకున్నా సంఘటన రాయొచ్చు, రాయాలె.

చూపెట్టిన కార్డ్ కంటె రాసిన కార్డే కార్డ్. నీకు 2006 వరల్డ్ కప్ తెలుసో లేదో, క్రొయేషియా ఆస్ట్రేలియా మ్యాచ్. ఇంగ్లండ్ రెఫరీ గ్రాహం పోల్ క్రొయేషియా 3 నంబర్ షిమునిచ్‌కు ఒకే మ్యాచ్‌ల మూడు ఎల్లోలు చూపెట్టిండు. రెండో ఎల్లోకే బయటికి పోవాలె గదా, పోలే. ఎందుకంటే ఆయన నోట్‌బుక్‌ల ఒక ఎల్లోను ఆస్ట్రేలియా 3 నంబర్ ఖాతాల రాసుకున్నడు. గ్రౌండ్ల వేల మంది చూసిన్రు, టీవీల లోకమంత చూసింది, కానీ కాయితం మీద తప్పు పడ్డది కాబట్టి ఆ మనిషి ఆడుకుంటనే ఉన్నడు. ప్రపంచంల పేరున్న రెఫరీకే గట్లయింది. మనమెంత.

రిపోర్ట్ ఎట్ల రాయాలె అనేది రాత్రికి వచ్చి రాస్త, ఇప్పుడు బస్ ఎక్కుతున్న.

---

పాలమూరు_పీఈటీ

పెద్దాయన చెప్పిన రూల్స్ అన్నీ కరెక్టే, నేను కాదనను. కానీ రూల్స్ రాసినోళ్ల దేశంల ఒక కమిటీ ఉంటది, పిలగాన్ని పిలిచి అడుగుతరు, ఇన్ని మ్యాచ్‌లు అని లెక్కతో శిక్ష వేస్తరు. మన దగ్గర ఏముంది? ముగ్గురు కుర్చీలు వేసుకుని కూర్చుంటరు, ఒకరికి ఈ కోచ్ అంటే పడదు, ఇంకొకరికి ఆ ఊరు అంటే పడదు. ఒక మ్యాచ్ పోవాల్సినోడు సీజన్ మొత్తం పోతడు. నేను 16 ఏండ్ల నుంచి పిల్లలను తీసుకెళ్తున్న, రెండు సార్లు నా కండ్ల ముందే అయింది. అందులో ఒకడు మంచి స్టాపర్ (డిఫెన్స్ మధ్యలో ఆడేటోడు), ఆ తర్వాత గ్రౌండ్‌కే రాలేదు, ఇప్పుడు సెల్ షాపులో ఉన్నడు.

మీ సార్ తప్పు మాట మాట్లాడిండు, ఒప్పుకుంటా. కానీ ఆయన దేనికి భయపడుతున్నడో గూడ ఆలోచించు తమ్మీ. 14 ఏండ్ల పిలగాడు కోపంలో ఒక్క గుద్దు గుద్దిండు. ఆ ముందర ఏమైందో నీకు తెలుసా? త్రో-ఇన్‌కు బాల్ పోయేలోపల ఆ డిఫెండర్ ఏమన్నడో నువ్వు వినలేదు గదా. కులం పేరు పెట్టి తిట్టిండేమో, అమ్మను తిట్టిండేమో. మన గ్రౌండ్లలో ఏం మాటలు నడుస్తయో మనకు తెల్వదా. నీ రిపోర్ట్‌లో గుద్దు మాత్రమే ఉంటది.

---

మిర్యాలగూడ_సాయిగాని_అమ్మ

పీఈటీ సార్, కోపం చేసుకోకుండ్రి గానీ మీరు కొట్టిన పిలగాని బతుకు గురించి ఇంత రాసిన్రు, ముక్కు పగిలిన పిలగాని గురించి ఒక్క లైన్ లేదు.

మా వోడు పోయిన ఏడాది గిట్లనే ఒక మ్యాచ్‌ల మోచెయ్యి తగిలి ముందర పన్ను సగం విరిగింది. రెఫరీ రెడ్ ఇచ్చిండు, నేను గీత పక్కనే ఉన్న, నా కండ్లతోని చూసిన. డెంటల్‌కు మూడుసార్లు తిరిగినం. మల్ల పది రోజులకు అదే టోర్నమెంట్‌ల ఆ పిలగాడే ఎదురుంగ నిలవడి ఆడుతున్నడు. ఇదేంది అని అడిగితే నడిపించేటోళ్లు ఫైల్ తీసి చూపెట్టిన్రు, "అమ్మా, రిపోర్ట్‌ల ఏ కార్డ్ లేదు" అని. ఫారం కింద అడ్డంగ ఒక గీత కొట్టి ఉన్నది, నిల్ అని. నా పిలగాని పన్ను నిల్.

అప్పటికెల్లి మా ఆయన పంపనే పంపనంటుండు. వాడు బాల్ పట్టుకొని మిద్దె మీద ఒక్కడే గోడకు కొట్టుకుంట ఉంటడు సాయంత్రం. నేను ఎవ్వలకు శాపాలు పెడ్తలే, ఆ మోచెయ్యి తగిలినోడు గూడ పిల్లగాడే. కానీ రాయకపోతే ఎవ్వలకు నష్టం లేదు అనేది మాత్రం అబద్ధం.

---

నల్లగొండ_విజిల్

అక్కా, మీది చదివి మనసు ఖరాబైంది.

పాత లైన్స్‌మన్ అన్నా, ఆ త్రో-ఇన్‌తోనే మొదలువెట్టిన. ఆ డిఫెండర్‌ను రక్తం ఆగేదాక బయట ఉంచిన, సాక్స్ మీద రక్తం ఉంటే లోపలికి రానియ్యొద్దు గద, పాపం వాడు బెంచ్ మీదోని సాక్స్ అడిగి ఏసుకొని వచ్చిండు, ఒకటి తెలుపు ఒకటి నలుపు. ఆ రంగు సంగతి నేను పట్టించుకోలే, మీరు గూడ తిట్టకుండ్రి.

పీఈటీ సార్, ఏమన్నడో నిజంగ నేను వినలే సార్. అది మాత్రం నాకు గూడ గుచ్చుతుంది.

---

పాత_లైన్స్‌మన్ (మహబూబ్‌నగర్)

సాక్సులకు ఎవ్వలు తిట్టరు తీ.

పీఈటీ సార్ అన్న దాంట్ల ఒకటి నిజం, కమిటీలు మన దిక్కు ఎట్ల నడుస్తయో నాకు గూడ ఎరుకే. కానీ సార్, మీరు ఉల్టా తీసుకున్నరు. రిపోర్ట్ మంచిగ ఉంటేనే ఆ పిలగానికి శిక్ష చిన్నగైతది. కాయితం ఖాళీగ ఉంటే ఏమైతది? పసుప్పచ్చ టీం వాళ్లు పోయి కంప్లైంట్ ఇస్తరు, నోటి మాటల మీద పంచాది నడుస్తది, ఒక గుద్దు మూడు గుద్దులైతది, ముక్కుల రక్తం ముక్కు విరిగినట్టైతది, పిలగాడు రెఫరీ మీదికి గూడ వచ్చిండు అని ఎవడో ఒకడు అంటడు. అప్పుడు పీఈటీ సార్ చెప్పిన ఆ ముగ్గురికి ఆడుకునే సందు దొరుకుతది. ఫిఫా డిసిప్లినరీ కోడ్ల ఒక మాట ఉంది, రిపోర్ట్‌ల రాసింది తప్పని ఎవరన్న రుజువు చేసేదాక నిజమనే అనుకోవాలె అని. అంటే నువ్వు "ఒక్కసారి" అని రాస్తే ఒక్కసారే.

రాసే తీరు చెప్త. శిక్ష ఇంత వెయ్యాలె అని రాయకు, అది నీ పని కాదు. "రౌడీ లెక్క ప్రవర్తించిండు", "కావాలని పథకం ప్రకారం" గిసొంటి ముచ్చట్లు వద్దు. చూసింది రాయి, విన్నది రాయి, చూడంది విననిది రాయకు. నేనైతే గిట్ల రాస్త:

"సెకండ్ హాఫ్ 22వ నిమిషం. బాల్ త్రో-ఇన్ కోసం బయట ఉంది. బ్లూ టీం 14వ నంబర్ ఆటగాడు పసుపు టీం 5వ నంబర్ ఆటగాడి ముక్కు మీద మూసిన పిడికిలితో ఒకసారి కొట్టాడు. నేను సుమారు 10 గజాల దూరంలో ఉన్నాను, మధ్యలో ఎవరూ లేరు. అంతకుముందు వారి మధ్య మాటలు జరిగాయో లేదో నేను వినలేదు. వయొలెంట్ కాండక్ట్ కింద రెడ్ కార్డు చూపాను. ఆటగాడు ఎదురు మాట్లాడకుండా వెంటనే బయటికి వెళ్లాడు. 5వ నంబర్ ఆటగాడికి ముక్కు నుంచి రక్తం వచ్చింది, ప్రథమ చికిత్స తర్వాత ఆట కొనసాగించాడు. ఆట త్రో-ఇన్‌తో తిరిగి మొదలైంది."

నిమిషం, నంబర్లు నీ నోట్‌బుక్ చూసి సరి చేసుకో. "వినలేదు" అన్న లైన్ చూసినవా, పీఈటీ సార్ అడిగిన ప్రశ్నకు తలుపు అండ్లనే తెరిచి ఉంది. కమిటీల ఎవరన్న బుద్ధి ఉన్నోడు ఉంటే పిలగాన్ని పిలిచి ఏమన్నడురా వాడు అని అడుగుతడు. "ఎదురు మాట్లాడకుండా వెళ్లాడు" అన్నది గూడ పిలగాని దిక్కే మాట్లాడుతది. మీ సార్ ఎన్ని మాటలు చెప్పినా అంత పని చెయ్యవు.

మేనేజర్ తిట్లు గూడ ఆయన అన్న మాటలు అన్నట్టే రాయి, సిగ్గుపడి "అసభ్యంగా దూషించారు" అని రాయకు. ఆ మాట చదివితే ఎవ్వలకు ఏం తెల్వది. నేను మొదటిసారి రాసినప్పుడు అమ్మ మీద బూతు తెలుగుల రాయనీకి చెయ్యి ఒణికింది, మా ఇంట్లామె పక్కకెల్లి చూసి ఏం రాస్తున్నవ్ నువ్వు అని అరిచింది.

ఒకటి మర్చిన. టీం లిస్ట్ ఫోటో తీసుకున్నవా? 14 నంబర్ పక్కన ఉన్న పేరు, పిలగాడు నీకు చెప్పిన పేరు కలుస్తున్నయా చూస్కో ఒకసారి.

---

నల్లగొండ_విజిల్

అన్నా.

ఇప్పుడే ఫోన్ల ఫోటో జూమ్ చేసి చూసిన. లిస్ట్‌ల 14 పక్కన ఉన్న పేరు వేరే. పిలగాడు నాకు చెప్పిన పేరు నోట్‌బుక్‌ల ఉంది, ఇంటిపేరు గూడ చెప్పిండు. లిస్ట్ మొత్తం వెతికిన, ఆ పేరు ఏ నంబర్ పక్కన లేదు. ఇప్పుడు యాదికొస్తుంది, నీ పేరేంది అని అడిగితే వాడు ఫస్ట్ బెంచ్ దిక్కు చూసిండు, రెండోసారి అడిగినంక చెప్పిండు. ఏడ్సుకుంట ఉన్నడు కాబట్టి అట్ల అనుకున్న.

అంటే మా సార్ భయం సెలెక్షన్ల గురించి కాదా??

---

లెఫ్ట్‌బ్యాక్_జడ్చర్ల

అబ్బా. నేను ఒక్క లైన్ రాసి పోదామనుకున్న, ఇప్పుడు పోబుద్ధైత లేదు

---

పాత_లైన్స్‌మన్ (మహబూబ్‌నగర్)

ఆగు, ఉరకకు. వయసు ఎక్కువోన్ని ఆడిపిచ్చిన్రా, వేరే స్కూలోన్ని ఆడిపిచ్చిన్రా, లిస్ట్ రాసేటోడు తప్పు రాసిండా, నీకు తెల్వది. తెల్వంది రాయకు. "బ్లూ టీం 14వ నంబర్ ఆటగాడు తన పేరు ఫలానా అని చెప్పాడు. టీం లిస్ట్‌లో 14వ నంబర్ ఎదురుగా ఫలానా పేరు ఉంది." రెండు లైన్లు, ఫుల్‌స్టాప్. మోసం అనే మాట నీ కలం నుంచి రావొద్దు.

ఇది రాయకుంటే ఏమైతదో ఆలోచించు. లిస్ట్‌ల ఉన్న పేరు మీద రెడ్ పడ్తది. ఆ పేరు ఉన్న పిలగాడు మొన్న గ్రౌండ్‌కే రాలేదేమో, ఇంట్ల పండుకున్నడేమో. వాన్ని సెమీఫైనల్‌కు ఆపుతరు, కొట్టినోడు ఇంకో నంబర్ ఏసుకొని దిగుతడు. రెఫరీ ఒకరికి ఇయ్యాల్సిన కార్డ్ ఇంకొకరికి ఇస్తే గూడ దాన్ని సరిదిద్దే పవర్ కమిటీకి ఉంటది, కానీ కాయితం మీద లేకపోతే వాళ్లు దేన్ని సరిదిద్దాలె.

---

పాలమూరు_పీఈటీ

రెండు గంటల నుంచి రాసి చెరిపేస్తున్న. సరే రాస్తా.

నేను గూడ చేసిన ఈ పని. ఒకసారే. పత్తి ఏరే టైం, టీంలో నలుగురు పొద్దున రాలేదు, ఇంట్లో కూలికి తీసుకుపోయిన్రు. కిలో లెక్కన ఇస్తరు, పిల్లలు ఏరితే ఇంటికి అంతో ఇంతో వస్తది, నేను పోయి వాళ్ల నాయనను ఏమని అడగాలె. జీపు కిరాయి నా జేబులో నుంచి అప్పటికే ఇచ్చిన. పది మందితో పోయి దిగితే వాకోవర్ ఇచ్చినట్టే. ఊరి చివర క్రికెట్ ఆడుతున్న ఇద్దరిని ఎక్కించుకున్న, రాని పిల్లల పేర్ల మీద ఆడించిన. వయసు సరిపోయినోళ్లే, మా స్కూలోళ్లు కాదు అంతే. ఎవరూ పట్టుకోలేదు. ఓడిపోయినం గూడ. జీపులో వస్తుంటే అందులో ఒకడు "సార్, నన్ను నా పేరుతో పిలవొచ్చా ఇప్పుడు" అని అడిగిండు. పిల్లలందరు నవ్విన్రు. నేను డ్రైవర్ పక్కన కూర్చుని రోడ్డు చూసిన.

మీ సార్ గూడ ఏదో గిట్లాంటి తిప్పల్లోనే చేసి ఉంటడు. అట్లని నువ్వు రాయొద్దని ఇప్పుడు అనలేను. కానీ మీ రిపోర్ట్ ఫారంలో పత్తి చేనుకు లైన్ ఉండదు, జీపు కిరాయికి లైన్ ఉండదు, నేను అనేది అది ఒక్కటే, దాని మీద మాత్రం నా మాట మార్చను. రాసే ముందు సార్‌కు ఒక ఫోన్ చెయ్యి. అడగడానికి కాదు, నేను రాస్తున్న సార్ అని చెప్పడానికి. కమిటీ నోటి నుంచి తెలిసే కంటె నీ నోటి నుంచి తెలిస్తే నయం.

---

మిర్యాలగూడ_సాయిగాని_అమ్మ

పీఈటీ సార్, మీరు గది ఒప్పుకున్నందుకు నాకు మీ మీద కోపం పోయింది. సగం.

---

హాఫ్‌టైం_చాయ్

ఎవరైనా చెప్పండి, ఎల్లో కార్డులు గూడ గిట్లనే రాయాలెనా? మా దగ్గర రెఫరీలు రెడ్ రాస్తరు, ఎల్లోలు వదిలేస్తరు.

---

పాత_లైన్స్‌మన్ (మహబూబ్‌నగర్)

అన్నీ రాయాలె, ఎందుకిచ్చినవో గూడ. టోర్నమెంట్ రూల్స్‌ల ఇన్ని ఎల్లోలు అయితే ఒక మ్యాచ్ బంద్ అని పెట్టుకుంటే అది లెక్క పెట్టేది రిపోర్ట్‌లకెల్లే. నువ్వు వదిలేసిన ఎల్లో ఇంకొక రెఫరీ మ్యాచ్‌ల తేడా చూపెడ్తది.

---

నల్లగొండ_విజిల్

అప్‌డేట్. వారం ఆలస్యమైంది, మాఫ్ చెయ్యండ్రి.

పీఈటీ సార్ చెప్పినట్టే ముందు ఫోన్ చేసిన. "సార్, గుద్దింది రాస్తున్న, పేరు తేడా గూడ రాస్తున్న" అన్న. అవతల చానాసేపు ఏం వినపడలే, టీవీ సౌండ్ ఒకటే వస్తుంది. తర్వాత "నీ ఇష్టం బిడ్డా" అని పెట్టేసిండు. తిడితే బాగుండు అనిపించింది.

రిపోర్ట్ అన్న చెప్పిన తీరుగనే రాసిన. ఫారంల నాలుగు లైన్లు సరిపోలే, వెనకకు తిప్పి రాసిన. మేనేజర్ అన్న బూతు రాసేటప్పుడు నాకు గూడ చెయ్యి ఒణికింది. టోర్నమెంట్ ఆయన తీసుకొని చదివి "ఇంత కథ ఎందుకు తమ్మి" అన్నడు గానీ కాపీ మీద సంతకం పెట్టమంటే పెట్టిండు, ఆ కాపీ నా దగ్గర ఉంది.

కమిటీ మీటింగ్‌కు నన్ను గూడ పిలిచిన్రు. నేను పోయేసరికే మా సార్ కూసోని ఉన్నడు, ఆ పిలగాన్ని గూడ తోలుకొచ్చిండు. ఎవ్వలు అడగకముందే లిస్ట్ సంగతి సారే చెప్పిండు, పేరున్న పిలగానికి జ్వరం, వీడు వేరే స్కూల్ పిలగాడు అని. మ్యాచ్ పసుప్పచ్చ టీంకు ఇచ్చిన్రు. పిలగానికి మూడు మ్యాచ్‌లు, మేనేజర్‌ను ఈ టోర్నమెంట్ అయ్యేదాక గ్రౌండ్‌కు రావొద్దన్నరు. ఆ ముగ్గుర్ల ఒకాయన నా కాయితం చూసి "వినలేదు అని రాసినవ్ గదా, ఏమన్నడురా వాడు" అని పిలగాన్ని అడిగిండు. పిలగాడు చెప్పిండు. ఏం చెప్పిండో ఇక్కడ రాయను, కానీ పసుప్పచ్చ టీం కోచ్ తలకాయ కిందికి ఏసుకున్నడు. అది విన్నంకనే మూడు మ్యాచ్‌లు అన్నరు, అంతకుముందు ఏడాది అని నడుస్తుండె ముచ్చట.

నిన్న ఆదివారం సెమీఫైనల్ నాకే ఇచ్చిన్రు, వద్దంటరేమో అనుకున్న. ఈసారి టాస్ కంటె ముందే రెండు లిస్టులు పట్టుకొని ఒక్కొక్కన్ని నిలవెట్టి పేరు అడిగిన. ఒక పిలగాడు భయపడి వాళ్ల నాయన పేరు గూడ చెప్పిండు. మొత్తం మీద నాలుగు నిమిషాలు పట్టింది, అంతే.

సార్‌కు రెండుసార్లు ఫోన్ చేసిన, ఎత్తలే. బుధవారం స్కూల్‌కే పోతున్న, సాయంత్రం ప్రాక్టీస్ టైంకు.

---

పాలమూరు_పీఈటీ

పో. చేతులు ఊపుకుంట పోకు, ఒక బాల్ పట్టుకపో. ఈ సీజన్‌లో ఏ పీఈటీ దగ్గరా మంచి బాల్ ఉండదు.